ఒకే గేటున్న వెంచరా, నాలుగు తోవలున్న వీధా: ఏది మేలు?

విజయనగరం చుట్టుపక్కల సైట్ కొనేవాళ్లు ముందుగా చూసేది రోడ్డు వెడల్పు. నలభై అడుగులంటే చాలు, అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఆ రోడ్డు వెళ్లి ఎక్కడ కలుస్తుందో ఎవరూ అడగరు. నన్నడిగితే ముందు అడగాల్సింది అదే.

కోట, గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి చుట్టూ ఉన్న పాత వీధులు ఇరుకే. కొన్ని సందుల్లోకి ఫైరింజన్ దూరదు. అది చిన్న లోపం కాదు. కానీ ఒక సందు మూసేస్తే పక్క సందు ఉంటుంది. సిరిమాను జాతర నాడు పైడితల్లి గుడి నుంచి కోట దాకా జనం నిండిపోయినా, అక్కడివాళ్లు సందులు మారుతూ ఇల్లు చేరుకుంటారు.

గేటున్న వెంచర్లో బయటి బండ్లు రావు, పిల్లలు వీధిలో ఆడుకుంటారు. ఆ సుఖాన్ని కాదనను. అయితే వెనక గోడ అవతలే బస్టాప్ ఉందనుకోండి. నేరుగా రెండు వందల మీటర్లే అయినా గేటులోంచి చుట్టూ తిరిగి వెళ్తే కిలోమీటరు అవుతుంది. దాంతో పాలప్యాకెట్‌కి కూడా బండి తీయాల్సి వస్తుంది. పొద్దున్న అందరూ ఆ ఒక్క గేటులోంచే మెయిన్ రోడ్డెక్కుతారు కాబట్టి, రోడ్డు ఎంత వెడల్పున్నా ఆ మలుపు దగ్గర జామ్ తప్పదు. ఊరు పెరిగేకొద్దీ ఇలాంటి వెంచర్లు ఒకదానికొకటి కలవకుండా పక్కపక్కనే లేస్తాయి.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. 2020లో వచ్చిన ఒక ప్రపంచవ్యాప్త అధ్యయనం 134 దేశాలను చూసింది. 1975 తర్వాత వాటిలో 90 శాతం దేశాల్లో కొత్త వీధుల మధ్య కలయిక తగ్గింది. మొదట్లోనే సరిగా కలవని ఊళ్లలో తర్వాతి వీధులూ అలాగే తయారయ్యాయి.

అందుకే నా ఓటు మూడోదానికి: గేటు లేని, పక్క లేఅవుట్ రోడ్లకు ఎదురుగా తన రోడ్లు తెరిచిన లేఅవుట్. ధర కాస్త ఎక్కువైనా అదే కొనండి. ఫోన్లో మ్యాప్ తెరిచి, ఎన్ని వీధులు రెండో వైపు బయటికి వెళ్తున్నాయో, ఎన్ని గోడకి ఆగిపోతున్నాయో లెక్కపెట్టండి. ఇప్పటికే వెంచర్లో ఉన్నవాళ్లు వెనక గోడలో మనిషీ సైకిలూ పట్టేంత చిన్న గేటైనా పెట్టించుకోండి. గోడ అవతల స్థలం ఇంకా ఖాళీగా ఉండగానే అడగాలి, అక్కడ ఇల్లు లేచిందంటే ఇక దారి పుట్టదు.