పసుపా, మందారమా, శంఖుపుష్పమా? సైన్స్ క్లబ్‌లో ఆమ్ల–క్షార సూచికగా ఏది మేలు?

లిట్మస్ కాగితం కొనకుండా ఆమ్లమేదో, క్షారమేదో తేల్చడానికి బడి సైన్స్ క్లబ్‌లకు మూడు దారులున్నాయి: వంటింటి పసుపు, పెరటి ఎర్రమందారం, కంచె మీద పాకే నీలి శంఖుపుష్పం. మూడూ రంగు మారేవే కదా, ఏదైతేనేం అనుకుంటారు చాలామంది. కానీ ఒకదాని పని ఇంకొకదానికి అప్పగిస్తే ఫలితం తారుమారవుతుంది.

పసుపు చెప్పేది ఒక్కటే: క్షారం ఉందా, లేదా. నిమ్మరసంలోనూ పసుపే, మంచినీళ్లలోనూ పసుపే. పీహెచ్ (ఆమ్ల–క్షారాల కొలమానం; ఏడు తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) ఏడున్నర దగ్గర మారడం మొదలై, ఎనిమిదిన్నర దాటేసరికి ఎర్రబడుతుంది. అందుకే వంటసోడా నీళ్లలో (పీహెచ్ సుమారు 8.3) ముంచిన పసుపు కాగితం ఎర్రబడిందా లేదా అని పిల్లలు కొట్టుకుంటారు. సున్నపు తేటలో ఆ తగాదా ఉండదు. కాళ్లకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపూ సున్నమూ కలిపినవే అని చాలామంది పిల్లలకు తెలుసు. ఆ ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండితే ఏమవుతుందో మాత్రం చేసి చూసినవాళ్లు తక్కువ.

తయారీలో తరచూ జరిగే పొరపాటు, పసుపును నీళ్లలో కలపడం. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు. అడుగున మడ్డి చేరి, పైన లేత రంగు మిగులుతుంది. అర చెంచా పసుపును 20 మి.లీ. సర్జికల్ స్పిరిట్‌లో గానీ, నీళ్లలా ఉండే శానిటైజర్‌లో గానీ వేసి కుదిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచి, పైతేట తీసుకోవాలి. జెల్ శానిటైజర్ వద్దు. స్పిరిట్ అంటుకుంటుంది కాబట్టి దగ్గరలో మంట ఉండకూడదు. ఈ తేట పూయడానికి కాగితానికి బదులు నూలుగుడ్డ వాడితే, దాన్ని ముందే సబ్బు పోయేదాకా జాడించండి. లేకపోతే పసుపు పడీపడగానే ఎర్రమచ్చలు తేలతాయి.

మందారంతో లాభం, ఆమ్లానికీ ఒక రంగు ఉండటం. ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ. ఇబ్బంది మధ్యలోనే. తటస్థానికి దగ్గరగా రంగు వెలిసినట్టు మసకబారుతుంది, సీసాలో కషాయం మర్నాటికే చప్పబడుతుంది. పైగా జిగురు. రేకుల్ని మరిగిస్తే ద్రవం సాగుతుంది, డ్రాపర్ నుంచి చుక్క తెగదు. ఐదు పూలకు ఆకుపచ్చ పుష్పకోశం, మధ్య కాడ తీసేసి, రేకుల్ని 100 మి.లీ. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెడితే చాలు, పొయ్యి మీద పెట్టక్కర్లేదు. ఇంతకన్నా సులువు, రేకును నేరుగా ఫిల్టర్ కాగితానికి రుద్ది ఆరబెట్టడం. జెరాక్స్ కాగితం మాత్రం వద్దు. చాలా రకాల్లో సుద్దపొడి కలిసి ఉంటుంది, రుద్దగానే రంగు నీలంవైపు జరుగుతుంది.

రంగుల వరుస చూపించాలంటే నా ఓటు శంఖుపుష్పానికే. ఇరవై తాజా పూలకు 100 మి.లీ. వేడినీళ్లు, తెల్లపూల రకం పనికిరాదు. నిమ్మరసంలో ఊదా కలిసిన గులాబీ, మజ్జిగ తేటలో వంగపండు రంగు, మంచినీళ్లలో నీలం, చాకలి సోడా నీళ్లలో ఆకుపచ్చ. సున్నపు తేటలో ముందు ఆకుపచ్చ వచ్చి, నిలవుంటే పసుపువైపు తిరుగుతుంది, ఎందుకంటే బలమైన క్షారంలో ఆ వర్ణకమే విరిగిపోతుంది. కాబట్టి రంగును మొదటి నిమిషంలోనే రాసుకోమనాలి. ఈ రంగులు మందారం రంగులకన్నా నిలకడైనవి, పూలను నీడన ఎండబెట్టి డబ్బాలో దాచుకోవచ్చు కూడా. ఎర్ర క్యాబేజీ కూడా ఇంత చక్కగానే పనిచేస్తుంది, కానీ అన్ని ఊళ్లలో దొరకదు, మర్నాటికి గది నిండా వాసన. బీట్‌రూట్ జోలికి పోకండి. దాని ఎరుపు నిమ్మరసంలోనూ మంచినీళ్లలోనూ ఒకటే, బలమైన క్షారంలో మాత్రమే పసుపవుతుంది.

మందారానికీ శంఖుపుష్పానికీ ఉమ్మడి శత్రువు బోరునీళ్లు. చాలాచోట్ల వాటిలో బైకార్బొనేట్లు ఎక్కువ, అంటే కొంచెం క్షారగుణం. కషాయం మొదలే నీలి–ఆకుపచ్చగా వస్తే నీళ్లనే అనుమానించాలి. ఆర్‌వో నీళ్లో, పట్టిన వాననీళ్లో మేలు. అల్యూమినియం గిన్నె కూడా రంగును మారుస్తుంది. స్టీలుదో గాజుదో వాడాలి. "సబ్బునీళ్లు" అన్నప్పుడు కడ్డీ సబ్బే కావాలి. చాలా షాంపూలు, హ్యాండ్‌వాష్‌లు తటస్థానికి దగ్గరగానో కాస్త ఆమ్లంగానో ఉంటాయి, వాటిలో పసుపు కదలదు.

ఇంతవరకూ శంఖుపుష్పమే పైచేయి. సున్నపు తేటకు ఎంత నిమ్మరసం సరిపోతుందో కొలవడం మొదలవగానే పసుపు ముందుకొస్తుంది. చెంచా తాంబూలం సున్నాన్ని లీటరు నీళ్లలో కలిపి, రాత్రంతా మూతపెట్టి ఉంచి, పైతేటను పెద్దవాళ్లే వంపాలి (కంట్లో పడితే ప్రమాదం, అద్దాలు తప్పనిసరి). 5 మి.లీ. తేటలో మూడు చుక్కల పసుపు స్పిరిట్ వేస్తే ఎర్రబడుతుంది. ఒక వంతు నిమ్మరసానికి నాలుగు వంతుల నీళ్లు కలిపి, సూదిలేని సిరంజితో చుక్కచుక్కగా వదలాలి. సుమారు 30 చుక్కల దగ్గర ఎరుపు పోయి పసుపు తేలుతుంది. కాయ పులుపును బట్టి, చుక్క పరిమాణాన్ని బట్టి అటూ ఇటూ. సిట్రిక్ ఆమ్లం బలహీనమైనది, సున్నం బలమైన క్షారం. రెండూ సరిపోయే చోటు పీహెచ్ ఏడుకు కాస్త పైన పడుతుంది, పసుపు మారేదీ ఆ దగ్గరే. అదే శంఖుపుష్పంతో చేస్తే ఆకుపచ్చ, నీలం, ఊదా ఒకదాంట్లోంచి ఒకటి జారుతూ పోతాయి. ఎక్కడ ఆపాలో నాలుగు జట్లు నాలుగు మాటలు చెబుతాయి.

జట్ల లెక్కలు మరీ దూరంగా వస్తే ముందు చూడాల్సింది సిరంజి పట్టు. ఏటవాలుగా పడితే చుక్క పరిమాణం మారుతుంది, నిటారుగా పట్టాలి. తర్వాత సున్నపు తేట. మూత తీసి వదిలేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన తెల్లపొర కట్టి బలం తగ్గుతుంది, చివర చేసిన జట్టుకు తక్కువ చుక్కలే సరిపోతాయి.