మా పాప స్కూల్ ఐటీ విభాగం: నాలుగు స్టార్లు, అయిదోది ఎందుకు ఇవ్వలేదంటే

అనంతపురంలో స్కూళ్ళ గురించి రాసేవాళ్ళంతా ర్యాంకులు, బస్సు, ఫీజు గురించే రాస్తారు. మా పాప చదివే స్కూల్లో కంప్యూటర్లు చూసుకునే వాళ్ళ గురించి ఎవరూ ఒక్క మాట రాయలేదు, అందుకే నేను రాస్తున్నా. ఉన్నది ఇద్దరే, కానీ పని తెలిసినవాళ్ళు.

నాకు బాగా నచ్చింది బ్యాకప్. మార్కులు, ఫీజులు, టీసీల రికార్డులు అన్నీ రోజూ సాయంత్రం కాపీ తీస్తారు, వారానికోసారి ఇంకో హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి దాన్ని సిస్టమ్ నుంచి తీసేసి బీరువాలో పెడతారు, ఎందుకంటే తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ (ఫైళ్ళను లాక్ చేసి, తెరవాలంటే డబ్బులడిగే వైరస్) వచ్చినప్పుడు ఆ డిస్క్‌ను కూడా లాక్ చేసేస్తుంది. అప్పుడప్పుడు ఆ డిస్క్‌లోని ఫైళ్ళు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో కూడా చూస్తారు, పెద్ద పెద్ద ఆఫీసుల్లోనే ఈ పని చేయరు. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కొన్ని లాక్ అయ్యాయి. మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చిన అప్‌డేట్ వేసుకోని సిస్టమ్‌లకే అది ఎక్కువగా తగిలింది.

టీచర్లకు ఎవరి లాగిన్ వాళ్ళకే, పైగా ఫోన్‌కి వచ్చే కోడ్ కొడితేనే మెయిల్ తెరుచుకుంటుంది. విసుగే, కాదనను, కానీ పాస్‌వర్డ్ ఎవడికో చిక్కినా అంత తేలిగ్గా లోపలికి రాలేడు.

ఫీజు బకాయి ఉందంటూ ఒక ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) తల్లిదండ్రుల వాట్సాప్‌లో తిరిగినప్పుడు ఆ సాయంత్రమే అందరికీ మంచి తెలుగులో మెసేజ్ వచ్చింది: దాన్ని నొక్కొద్దు, స్కూల్ ఎప్పుడూ ఏపీకే పంపదు, ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి డబ్బులు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి అని. అలాంటివి ఫోన్‌లోకి ఎక్కి, అడిగిన పర్మిషన్లు మనం ఇచ్చేస్తే ఓటీపీలు కూడా అవతలివాడికి వెళ్ళిపోతాయి. ఆ ఒక్క మెసేజ్‌తో మా వీధిలో ఇద్దరు ముగ్గురికి టెన్షన్ తప్పింది.

ఇక అయిదో స్టార్. ఇంత చేసే స్కూల్లోనే క్లాస్ టీచర్లు పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఆధార్ నంబర్లు, మన ఫోన్ నంబర్లు ఉన్న ఎక్సెల్ షీట్‌ను "సరిచూసుకోండి" అని గ్రూపులో పెట్టేస్తున్నారు. ముందు తలుపుకు తాళమేసి పెరటి తలుపు బార్లా తెరిచినట్టుంది. 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 డేటా రక్షణ చట్టమే చెబుతోంది, మమ్మల్ని ఎవరడిగారు? ఆఫీసులో రాసిచ్చాను. ఐటీ సార్ వెంటనే ఒప్పుకున్నారు, టీచర్లకు చెప్పాల్సింది మాత్రం ప్రిన్సిపాల్ మేడమ్ అట. షీట్ ఇంకా గ్రూపులోనే ఉంది.