ఇమ్యునోథెరపీ వేళ పేగుకు ఏది మేలు: తిండా, క్యాప్సూలా, మలమార్పిడా?

పెంబ్రోలిజుమాబ్ అనే క్యాన్సర్ ఇమ్యునోథెరపీ మందు మీద ఉన్న మా పిన్నికి బంధువొకరు ప్రోబయాటిక్ క్యాప్సూళ్ల డబ్బా తెచ్చిచ్చారు. "మంచి బ్యాక్టీరియానే కదా, చెడేముంటుంది?" అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

ఈ మందు క్యాన్సర్‌ని నేరుగా చంపదు, జబ్బుతో పోరాడే మన టీ కణాలకు (ఒక రకం తెల్ల రక్తకణాలు) పడిన బ్రేకు తీస్తుంది. ఆ కణాల చురుకు కొంతవరకు పేగులోని బ్యాక్టీరియాను బట్టి ఉంటుందని షికాగో, ఫ్రాన్స్ బృందాలు 2015లో ఎలుకల్లో చూపించాయి.

క్యాప్సూల్ మింగడం సులువే. కానీ 2021లో అమెరికాలో 128 మంది మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) రోగుల తిండి అలవాట్లు చూస్తే, రోజుకు కనీసం 20 గ్రాముల పీచు తింటూ ప్రోబయాటిక్ జోలికి పోనివాళ్లకే జబ్బు ఎక్కువకాలం అదుపులో ఉంది. పీచు 5 గ్రాములు పెరిగినకొద్దీ జబ్బు ముదిరే, ప్రాణం పోయే ముప్పు 30 శాతం తక్కువగా కనిపించింది. 5 గ్రాములంటే ఓ మోస్తరు జామకాయ! ఇది గమనించి చెప్పిన లెక్కే, పీచే కారణమని తేల్చలేదు. అయితే అదే అధ్యయనంలో ప్రోబయాటిక్ ఇచ్చిన ఎలుకల్లో మందు పట్టు సడలింది.

అలాగని బ్యాక్టీరియా మందులన్నీ దండగ కావు. కిడ్నీ క్యాన్సర్ రోగులు 30 మందితో చేసిన చిన్న ట్రయల్‌లో సీబీఎం588 అనే ఒకే రకం బ్యాక్టీరియాను ఇమ్యునోథెరపీతో కలిపి ఇస్తే జబ్బు ముదరకుండా గడిచిన కాలం మధ్యస్థంగా (మీడియన్) 12.7 నెలలు, ఇవ్వనివాళ్లకు 2.5 నెలలే. అది డాక్టర్ల పర్యవేక్షణలో ఇచ్చినది. షాపులో దొరికే నాలుగైదు రకాల మిశ్రమానికి ఆ ఫలితం అంటగట్టలేం.

మలమార్పిడి, అంటే వేరొకరి మలంలోని బ్యాక్టీరియాను రోగి పేగులోకి ఎక్కించడం, ఆశ పుట్టిస్తోంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, అంతకుముందు మందు పనిచేయని 15 మందిలో 6 మందికి మేలు జరిగింది. కెనడాలో తొలిసారి మందు మొదలెట్టిన 20 మందిలో 13 మందికి గడ్డలు తగ్గాయి. కానీ 2019లో, అమెరికాలో మరో సందర్భంలో చేసిన మలమార్పిడిలో మందులకు లొంగని ఈ.కోలై అనే బ్యాక్టీరియా సోకి ఒకరు చనిపోయారు. ట్రయల్ బయట దాని ఊసే వద్దు.

నా ఓటు తిండికే. విరేచనాలు పట్టుకున్నా, పేగులో అడ్డు ఉన్నా పీచు పెంచకూడదు, ముందు డాక్టర్‌ని అడగాలి. జలుబు చేసిందని సొంతంగా యాంటీబయాటిక్ మింగడం మాత్రం అన్నిటికన్నా చేటు, అది పేగులోని మంచి బ్యాక్టీరియానూ చంపేస్తుంది.

డబ్బాను ఆంకాలజిస్టుకి చూపించాం, పక్కన పెట్టమన్నారు. ఇప్పుడు పిన్ని రాత్రిపూట జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర తింటోంది.