వన్‌టౌన్‌లో చిన్ననాటి బిళ్ళల దుకాణం

అక్టోబరు 31న హాలోవీన్ వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు పోగుచేసుకున్న తన అమెరికా బాల్యాన్ని మా మేనకోడలు తరచూ తలచుకుంటుంది కనుక, ఈసారి ఆమెను విజయవాడ వన్‌టౌన్‌లో పాతకాలపు బిళ్ళలు అమ్మే ఒక చిన్న దుకాణానికి తీసుకువెళ్లాను. గాజు సీసాల్లో నిమ్మతొనలు, పిప్పరమెంట్లు, చిత్తూరులో పుట్టిన న్యూట్రిన్ వారి మహాలాక్టో ఉన్నా, అసలు వెళ్లవలసింది జీళ్ల కోసమే. ముదురు బెల్లం పాకాన్ని మేకుకు తగిలించి, గాలి చేరి రంగు తేలేవరకు మళ్లీ మళ్లీ లాగి, నువ్వులు అద్ది ముక్కలు చేస్తారు. బాగా లాగిన జీడి మొదట పటుక్కున విరిగి, ఆ తరువాత పంటికి సాగుతుంది. కోటప్పకొండ తిరునాళ్లలో మేము కొనుక్కున్న రుచికి ఇది చాలా దగ్గరగా ఉంది. నిమ్మతొనలు మాత్రం చెమ్మకు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మూత సరిగా బిగించని సీసాలోనివి అడగకపోవడమే మేలు. ధరలు అందుబాటులోనే ఉన్నాయి గానీ, విడిగా నాలుగు బిళ్ళలు అడిగితే యజమాని విసుక్కుంటారు, బిళ్ళల కొట్టుకు అది తగని పని. చాక్లెట్లకు అలవాటుపడిన మా మేనకోడలికి జీడి నచ్చలేదు. అందులో దుకాణం తప్పేమీ లేదు. జీళ్లు మధ్యాహ్నానికే అయిపోతాయి కనుక ఉదయం వెళ్లడం మంచిది.