కరెంటు, బరువు, కాగితాల స్టాండు

తల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే మా ఇంట్లో ఊరుకోరు. "ఏం కొంపలు మునిగాయని ఆ కూర్చోవడం?" అని మా అత్తగారు రోజుకు నాలుగుసార్లయినా అనేవారు. నాకేమో అలా పెట్టుకుంటేనే ప్రాణం తెరిపిన పడేది. చెయ్యి కిందికి దించానా, మెడకు కుడిపక్కన మొదలై రెక్క వెనకగా, మోచేతి మీదుగా మధ్య వేలి కొస దాకా జివ్వుమని లాగేది. చెయ్యి పైకెత్తితే నరం మీద లాగుడు తగ్గుతుందని, చాలామంది తమకు తెలియకుండానే అలా కూర్చుంటారని తర్వాత ఫిజియోథెరపిస్టు చెప్పారు. ఇంటికి రాగానే ముందు ఆ మాటే అత్తగారికి అప్పజెప్పాను.

విజయవాడలో ఇరవై ఏళ్లుగా డీటీపీ పని, అంటే రాతప్రతులను కంప్యూటర్‌లో కంపోజ్ చేసే పని చేస్తున్నాను. రాతప్రతి ఎప్పుడూ కుడిపక్క బల్ల మీదే. తల అటు తిప్పి, వంచి చదవడం, ఇటు తిరిగి కొట్టడం. ఎమ్మారైలో ఆరో, ఏడో మెడ పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబ్బి అక్కడి నరాన్ని ఒత్తుతోందని తేలింది. డాక్టరు నా తలను కుడికి వంచి పైనుంచి కాస్త నొక్కగానే నొప్పి వేలి దాకా పాకింది. బలం కూడా తగ్గిందని అప్పుడే బయటపడింది. ఇడ్లీ పిండి గిన్నెను పై అరలోకి ఎత్తి పెట్టలేకపోవడం బద్ధకం అనుకున్నాను, మోచేతిని చాపే కండరం మొరాయించిందట. ఆపరేషన్‌కు తొందరపడక్కర్లేదు, ఆరు వారాలు మందులు, ఫిజియోథెరపీ చూద్దామన్నారు. బలం ఇంకా తగ్గినా, బొత్తాలు పెట్టుకోవడానికి వేళ్లు సహకరించకపోయినా, నడక తడబడినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం వెంటనే రమ్మన్నారు.

మొదట వెళ్లిన కేంద్రంలో పది రోజులు పడుకోబెట్టి సేవ చేశారు. వేడి కాపడం, నాలుగు ప్యాడ్లు అంటించి కరెంటు పెట్టడం, జెల్ రాసి నొప్పి ఉన్నచోట అల్ట్రాసౌండ్ తరంగాలు పెట్టడం. రోజుకు 400 రూపాయలు. కరెంటు పెడితే చీమలు పాకుతున్నట్టు హాయిగానే ఉండేది, నిద్ర కూడా పట్టేది. ఆ హాయి ఆటో బెంజి సర్కిల్ దాటేదాకా ఉండేది. పది రోజుల్లో ఒక్కరైనా నా చేతి బలం పరీక్షించలేదు, ఏ పని చేస్తావని అడగలేదు. ఆ నాలుగు వేలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండో చోట ట్రాక్షన్ పెట్టారు. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డానికీ తల వెనకకీ పట్టీ తగిలించి యంత్రంతో లాగుతారు. మొదటిరోజు 5 కిలోలు, తర్వాత 7. కొన్ని సెకన్లు లాగి, కొన్ని సెకన్లు వదులుతుంది. నా దవడ నొప్పి పెట్టింది గానీ, లేచాక చేతిలో లాగుడు సగానికి సగం తగ్గినట్టు అనిపించేది, రాత్రి నిద్ర పట్టేది. నొప్పి తీవ్రంగా ఉన్న ఆ రెండు మూడు వారాల్లో ట్రాక్షన్ నన్ను ఒడ్డున పడేసిందనే చెబుతాను. మా పిన్నికి మాత్రం అదే ట్రాక్షన్‌తో తల తిరిగి మానేసింది. అందరికీ ఒకేలా ఉండదు.

అసలు పని వ్యాయామాలు చేశాయి. చూడ్డానికి ఇంత చప్పగా ఉండేవి మరొకటి ఉండవు. తల కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని, గడ్డం లోపలికి లాగి, 'అవును' అన్నట్టు చిన్నగా ఊపి పది సెకన్లు పట్టి ఉంచాలి. రెక్కలు రెండూ వెనక్కి దగ్గరకు తేవాలి. ఇంకొకటి నరం కదిలించే వ్యాయామం. చెయ్యి పక్కకు చాపి, పళ్లెం మోస్తున్నట్టు అరచెయ్యి పైకి పెట్టి, మోచెయ్యి మెల్లగా చాపుతూ ముడుస్తూ ఉండాలి. పది చాలన్నారు. తొందరగా తగ్గాలని నేను యాభై చేశాను, అదీ లాగుడు వచ్చేదాకా సాగదీసి. మూడు రోజులు చెయ్యి కదిపితే ఒట్టు. నరం రబ్బరు కాదమ్మా అని ఫిజియోథెరపిస్టు ఆవిడ మెత్తగానే చివాట్లు పెట్టారు.

ఆవిడే నా ఫోనులో పని బల్ల ఫొటో చూసి, కాగితాలు కంప్యూటర్ తెరకు ఆనుకుని ఎదురుగా నిలబెట్టమన్నారు. 350 రూపాయల స్టాండు. కంపోజింగ్ వేగం వారం పాటు పడిపోయింది, ఆ తర్వాత అలవాటైంది.

మూడో నెలకల్లా చేతి నొప్పి పోయింది. ఈ జబ్బు చాలామందికి కొన్ని నెలల్లో ఆపరేషన్ లేకుండానే నెమ్మదిస్తుందట, కాబట్టి గొప్పదనమంతా వ్యాయామాలకే కట్టబెట్టలేను. కానీ రెండుసార్లు వాటిని పక్కన పెట్టాను, రెండుసార్లూ నెల తిరక్కుండా రెక్క వెనక సలుపు మొదలైంది. బలం రావడానికి మాత్రం ఆరు నెలలు పట్టింది. ఏడాదిన్నర అయినా మధ్య వేలి కొసలో కాస్త మొద్దుబారినతనం మిగిలే ఉంది. పూలు కట్టేటప్పుడు దారం జారిపోతుంది.

మొదటి కేంద్రంలో అంటగట్టిన 2,200 రూపాయల దిండు అటక మీద ఉంది. మామూలు పల్చటి దూది దిండే మెడకు సరిపోయింది.