కోర్దోబా పాతబస్తీ: గైడ్ వెంట నడవాలా, మన దారిన మనం తిరగాలా?

మాద్రిద్ నుంచి వేగ రైలులో రెండు గంటలలోపే చేరుకోగల స్పెయిన్ నగరం కోర్దోబాకు చాలామంది ఒక్క పగటి కోసమే వస్తారు. ఉన్న ఆ కొద్ది గంటలను గైడ్‌కు అప్పగించాలా, లేక పటం చేతబట్టుకుని సొంతంగా తిరగాలా అన్న ప్రశ్న అందువల్లే ముఖ్యమవుతుంది. నా దృష్టిలో ఊరంతటికీ ఒకే జవాబు సరిపోదు. మసీదుగా మొదలై చర్చిగా మారిన మెస్కీతాకు ఒకటి, దాని చుట్టూ ఉన్న సందులకు మరొకటి.

785లో ముస్లిం పాలకుడు మొదటి అబ్ద్ అల్-రహ్మాన్ ప్రారంభించిన ఈ మసీదు 1236లో క్రైస్తవ రాజు మూడవ ఫెర్నాందో నగరాన్ని గెలిచిన తరువాత చర్చిగా మారింది. లోపలికి అడుగు పెట్టగానే కనిపించే 850కి పైగా స్తంభాలు, ఎరుపు తెలుపు కమానులు ఎవరినైనా నిలబెట్టేస్తాయి, కానీ ఒంటరిగా చూసేవారికి అవన్నీ ఒకే కాలపువిగా, ఒకే చేతి పనిగా తోస్తాయి. పాత రోమన్ కట్టడాల నుంచి, ముస్లింలకు ముందు ఇక్కడ ఏలిన విసిగోతుల కట్టడాల నుంచి తెచ్చిన స్తంభాలు పొట్టివి కావడంతో, కప్పును ఎత్తుగా నిలపడానికి కమాను మీద మరో కమాను కట్టారని మంచి గైడ్ చూపిస్తారు. తొలి భాగంలో ఎరుపు నిజంగా ఇటుకదే. పదో శతాబ్దం చివర పాలకుడు అల్‌మన్సూర్ పెంచిన భాగంలో రాతికి రంగు పూశారు. దక్షిణాన నది అడ్డుగా ఉండడంతో ఆయన తూర్పుకు విస్తరించాడు, అందుకే ప్రార్థన దిక్కును చూపే గోడ గూడు, అంటే మిహ్రాబ్, ఇప్పుడు భవనానికి నడుమ లేదు. నడిమధ్యన పెద్ద చర్చి కట్టడం 1523లో మొదలైనప్పుడు, పాత కట్టడాన్ని కూల్చే పనివారికి మరణశిక్ష తప్పదని నగర పాలక మండలి హెచ్చరించింది. అయినా చక్రవర్తి ఐదవ చార్లెస్ అనుమతితో పని సాగింది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే, అయితే ఏ స్తంభం దగ్గర ఆగి తల ఎత్తాలో పక్కనున్న మనిషి చెబితేనే కంటికి ఆనతాయి. కాబట్టి ఇక్కడ గుర్తింపు పొందిన గైడ్‌కు ఇచ్చే రుసుము వృథా కాదని నా గట్టి నమ్మకం.

చివర్లో తోచినంత ఇచ్చే ఉచిత నడకలు కూడా ఉన్నాయి. ఖర్చు తక్కువే కానీ, గుంపు పెద్దదవుతుంది, పైగా సాధారణంగా అవి మెస్కీతా లోపలికి వెళ్లవు. గోడల బయట నిలబడి లోపలి కథ వినవలసి వస్తుంది. ఊరి దిక్కులు తెలియడానికి అవి చాలు, అంతకు మించి ఆశించకూడదు.

యూదుల పేటలో మాత్రం గైడ్ లేకుండా నడవడమే మేలు. 1315లో కట్టిన సినగోగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, ఒక చిన్న గది; దాని గోడల మీది హీబ్రూ అక్షరాలను, గచ్చు నగిషీని తీరిగ్గా చూడాలంటే వెనుక నుంచి తొందరపెట్టేవారు ఉండకూడదు. ఈ ఊళ్లో పుట్టిన తత్వవేత్త మైమోనిడీస్ విగ్రహం అక్కడికి దగ్గర్లోనే ఉంది. ఇరుకు సందుల్లో ఇరవైమంది గుంపుతో నడిస్తే ముందువారి వీపులే కనిపిస్తాయి, తెరిచిన తలుపుల్లోంచి తొంగిచూసే పూల కుండీల లోగిళ్లు కనబడవు.

పెద్దవాళ్లతో వెళ్లేవారు ఇంకొకటి గమనించాలి. ఆ సందుల్లో గులకరాళ్లు పరిచిన నేల మోకాళ్లకు కష్టం, జులై, ఆగస్టులలో ఎండ 40 డిగ్రీలు దాటడం అక్కడ మామూలు. గుంపు నడకలో మనకు కావలసినప్పుడు కూర్చునే వీలుండదు, కనుక కుటుంబానికి విడిగా గైడ్‌ను మాట్లాడుకుని, ఉదయాన్నే మెస్కీతా వరకే ఆ సాయం తీసుకోవాలి. మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని, పొద్దు వాలాక యూదుల పేట చూసి, గ్వాదల్కివీర్ నది మీది రోమన్ వంతెన దాటి అవతలి ఒడ్డున ఉన్న కలహోర్రా బురుజు దాకా మన అడుగుల వేగంతోనే వెళ్లవచ్చు.