కైరో, మానిటర్: నదిలో ఒకటి, సముద్రంలో ఒకటి

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకాదళం 1862 డిసెంబర్‌లోనే కైరో, మానిటర్ అనే రెండు ఇనుప కవచపు ఓడలను పోగొట్టుకుంది.

12న మిసిసిపీ రాష్ట్రంలోని యాజూ నదిలో కైరో అడుగున మందుపాతర పేలింది. సుమారు 12 నిమిషాల్లో ఓడ మునిగింది, కానీ ఒక్క ప్రాణం కూడా పోలేదు. 31 తెల్లవారుజామున నార్త్ కరోలినా తీరంలోని కేప్ హాటెరస్ దగ్గర తుఫానులో మానిటర్ మునిగి 16 మంది చనిపోయారు. దాని డెక్ నీటికి కాస్తే పైన ఉండేది. ఫిరంగి గుళ్లు తగలకుండా ఆ ఎత్తు మంచిదే, పెద్ద అలలొస్తే మాత్రం నీళ్లు లోపలికే. అలాంటి ఓడను లాక్కుంటూ నడిసముద్రంలోకి తీసుకెళ్లడం నా దృష్టిలో పెద్ద తప్పు.

కైరోను నది బురద కాపాడింది. 1964లో పైకి తీసేటప్పుడు ఇనుప తాళ్లు చెక్కలోకి దిగిపోవడంతో మూడు ముక్కలుగా తీయాల్సి వచ్చింది. ఇప్పుడు మిసిసిపీలోని విక్స్‌బర్గ్‌లో ప్రదర్శనలో ఉంది. మానిటర్ తిరుగుడు గోపురాన్ని (ఫిరంగులుండే గది) సుమారు 70 మీటర్ల లోతు నుంచి 2002లో తీశారు. అందులో ఇద్దరి అస్థిపంజరాలు దొరికాయి, 2013లో ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు.

ఓడ ఆకారం చూడాలంటే కైరో. ఒక్కటే చూసే వీలుంటే మాత్రం నేను వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్ నగర మ్యూజియంలో ఉన్న ఆ గోపురం దగ్గరికే వెళ్తాను.